తోటకు కాంక్రీటు కంచె: ఇంటి దగ్గరే పోసుకునే పద్ధతి

(సివిల్ డిప్లొమా పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో కొబ్బరి, జీడి రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మైకు వద్దులెండి, అది కీచుమంటోంది.

నన్ను పిలిచినప్పుడు ప్రహరీ గోడ గురించి చెప్పమన్నారు. నేను ప్రహరీ గురించి చెప్పను. సముద్రానికి ఇంత దగ్గరలో తోట చుట్టూ నిండు ఇటుక గోడ కట్టడం డబ్బు దండగని నా అభిప్రాయం. దాని బదులు కంచె గురించి చెబుతాను. కాంక్రీటు స్తంభాలు, వాటి పక్కల ఉండే గాడుల్లోకి పైనుంచి దించే కాంక్రీటు పలకలు, అంతే. రెండూ మీ పెరట్లోనే అచ్చుల్లో పోసుకోవచ్చు. పెద్ద మిషన్లు అక్కర్లేదు.

నిండు గోడ ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. కొబ్బరీ జీడీ ఎలా పడ్డాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. గోడల సంగతి చూద్దాం. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే ఒక చదరపు మీటరు మీద సుమారు 105 కిలోల తోపుడు పడుతుంది. వంద అడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు గోడ అనుకోండి. ఆ లెక్కన దాదాపు ఐదు టన్నులు. ఇంకో సంగతి, గాలి వేగం రెట్టింపైతే ఈ తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఇనుము లేని ఇటుక గోడ తన బరువుతో నిలబడేదే తప్ప పక్కనుంచి తోస్తే తట్టుకునేది కాదు. అందుకే ఒకచోట మొదలైతే వరసంతా పడుకుంటుంది. కంచెలో పలకకూ పలకకూ మధ్య సందు వదిలామంటే కొంత గాలి దూరిపోతుంది. ఏదో ఒక పలక విరిగినా ఆ ఒక్కటే మార్చుకుంటాం.

మన పాత దడి చేసిన పని కూడా అదే కదా. తాటి కమ్మల దడి, మొగలి పొదల గట్టు గాలిని ఆపవు, నెమ్మదింపజేస్తాయి. దడికి ఉన్న చిక్కల్లా ఏటేటా కట్టుకోవాలి, చెద పడుతుంది, ఇప్పుడు కట్టే మనిషి దొరకడు. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల నుంచి రాతి స్తంభాలు తెచ్చుకునే స్తోమత, రవాణా సౌకర్యం ఉన్నవాళ్లు హాయిగా తెచ్చుకోండి. రాయికి తుప్పు లేదు, దాన్ని మించింది లేదు. వాటికి ముళ్ల తీగ లాక్కోవచ్చు. పలకలు దించాలంటే మాత్రం గాడి కావాలి. గాడి రాతిలో చెక్కించడం ఖర్చు, కాంక్రీటులో ఊరికే వస్తుంది.

తమాషా ఏమిటంటే, ఇనుము పెట్టిన కాంక్రీటుకు తొలి పేటెంట్లలో ఒకటి తోటమాలిదే. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే ఆయన మొక్కలు పెంచుకునే తొట్ల కోసం ఇనుప వల మీద సిమెంటు మెత్తి 1867లో పేటెంటు తీసుకున్నాడు. మట్టి కుండీలు పగిలిపోతున్నాయి, చెక్కవి కుళ్లిపోతున్నాయి, అదీ ఆయన బాధ. వంతెనలు, మేడలు తర్వాత వచ్చాయి. కాబట్టి ఇంజనీరు చెప్పాలి, మేస్త్రి చెయ్యాలి అని మీరు వెనక్కి తగ్గక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇంట్లో పోసుకున్న కాంక్రీటు ఎక్కడైనా చెడిపోయిందంటే నూటికి తొంభై పాళ్లు సిమెంటు తక్కువై కాదు. నీళ్ల దగ్గరే పోతుంది. కలిపేటప్పుడు ఎక్కువ పోస్తాం, పోసిన తర్వాత తక్కువ పోస్తాం. నేను ఈ పూట ఎక్కువ సేపు మాట్లాడేది దీని గురించే.

యాభై కిలోల బస్తా సిమెంటు గట్టిపడే రసాయన చర్యలో కలిసిపోయే నీళ్లు పన్నెండు లీటర్ల దాకా ఉంటాయి. మనం పోసేది పాతిక, ముప్ఫై. మిగతావి దేనికి? పిక్క, అంటే కంకర, ఇసుకా తడవాలి, కలిపిన కాంక్రీటు, అదే మాలు, అచ్చులో కదలాలి, దానికి. ఆ నీళ్లు పని అయ్యాక ఆవిరైపోతాయి. పోతూ పోతూ అవి ఉన్నచోట సన్నటి ఖాళీలు వదిలిపోతాయి. ఎన్ని నీళ్లు ఎక్కువైతే అన్ని ఖాళీలు. బలం అక్కడే తగ్గుతుంది, ఉప్పు గాలి లోపలికి దూరేది కూడా ఆ ఖాళీల్లోంచే. డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికా ఆయన 1918లోనే తేల్చి చెప్పాడు, బలాన్ని నిర్ణయించేది నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి అని. అయినా మన దగ్గర మాలు కాస్త బిగుసుకుంటే చాలు, "ఒక చెంబుడు పొయ్యవోయ్" అనేస్తారు. ఆ చెంబు దగ్గరే మీరు మేస్త్రితో గట్టిగా ఉండాలి.

మన పనికి బస్తాకు 25 లీటర్లు పెట్టుకోండి, 27 దాటొద్దు. పెయింటు డబ్బాకి గీత పెట్టుకుని కొలిచి పొయ్యండి. చేత్తో పట్టి చూస్తే గారెల పిండిలా ఉండాలి, అట్ల పిండిలా జారకూడదు. అంత గట్టి మాలు అచ్చులో సర్దుకోవాలంటే కూరాలి, ఓపిక కావాలి. ఆ ఓపికకు బదులుగానే మనం నీళ్లు పోస్తుంటాం.

ఇక్కడే ఇంకో మోసం ఉంది. ఇసుక. వంశధార నుంచో నాగావళి నుంచో వచ్చిన ఇసుక ట్రాక్టరు దించేటప్పటికి తడిగానే ఉంటుంది. బస్తాకు పట్టే ఇసుకలో నూటికి ఐదు వంతులు తడి ఉందంటే, అదే నాలుగు లీటర్ల నీళ్లు. మీరు పోసే పాతికలోంచి ఆ నాలుగూ తగ్గించాలి. అంతేకాదు, తడి ఇసుక ఉబ్బుతుంది. గమేళాతో కొలిస్తే నిండుగా కనిపిస్తుంది కానీ లోపల ఇసుక తక్కువ. పాతిక శాతం దాకా తేడా రావచ్చు. చూడాలంటే ఒక బకెట్లో తడి ఇసుక వదులుగా పోసి మట్టం చేసి, నిండా మునిగేలా నీళ్లు పోసి కలపండి. ఎంత కిందికి దిగిందో అంతా ఉబ్బు. పూర్తిగా ఎండిన ఇసుకకు గానీ, నిండా మునిగిన ఇసుకకు గానీ ఉబ్బు ఉండదు, మధ్యలో ఉన్నదానికే.

మట్టి ఎంతుందో కూడా చూసుకోండి. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి కదపకుండా రెండు మూడు గంటలు పక్కన పెడితే మట్టి ఇసుక పైన పొరగా నిలుస్తుంది. ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది వంతులు మించి ఆ పొర ఉంటే ఆ లోడు వద్దు, లేదా కడుక్కోవాలి.

(ముందు వరసలోంచి ఒకరు: "మాస్టారూ, ఏటికెళ్లడమెందుకు, మన దగ్గరే సముద్రం ఇసుక ఉంది కదా, అదేస్తే ఏటౌద్ది?")

మంచి ప్రశ్న, ఎవరో ఒకరు అడుగుతారనే చూస్తున్నాను. పోసిన రోజు ఏమీ కాదు. చూడ్డానికి తెల్లగా, శుభ్రంగా కూడా ఉంటుంది. కాంక్రీటు లోపల మంచి క్షారగుణం ఉంటుంది. దానివల్ల ఇనుము మీద కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చీల్చేస్తుంది. ఆ తర్వాత తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. లోపలినుంచి తోసి తోసి కాంక్రీటును పొడుగునా చీల్చి పారేస్తుంది. మన ఊళ్లలో పాత స్లాబుల కింద పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి చూడండి, అదే ఇది. బయటి ఉప్పుగాలి చాలదన్నట్టు మనమే లోపల ఉప్పు పోసి మూత పెట్టడమెందుకు? నీళ్లకూ అదే మాట. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటే మాలుకీ వద్దు, తడపడానికీ వద్దు. ఏరు దూరమైతే నదీ ఇసుక బదులు రాయిని నూరి చేసే తయారీ ఇసుక వాడొచ్చు. కానీ క్రషర్ బుగ్గిని ఇసుక అని అంటగడతారు, అందులో పొడి ఎక్కువ, చూసి తీసుకోండి.

సిమెంటు ఏ కంపెనీది అని అడగొద్దు. ఏ రకం అని అడగండి. ఈ తీరానికి స్లాగ్ సిమెంటు మంచిది, బస్తా మీద పీఎస్‌సీ అని ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఇనుము కరిగించే కొలిమిలోంచి వచ్చే చిట్టెం, అదే స్లాగు, దాన్ని నూరి కలుపుతారు. విశాఖ ఉక్కు స్లాగు అలాగే సిమెంటులోకి పోతుంది. ఈ సిమెంటు ఉప్పును లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు. దొరక్కపోతే బూడిద కలిసిన పీపీసీ అయినా ఫరవాలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ రెండూ బలం నెమ్మదిగా పుంజుకుంటాయి. అంటే మీరు ఇంకా ఎక్కువ రోజులు తడపాలి. కాంక్రీటు పనులకు మన దేశంలో ఉన్న ప్రమాణాల పుస్తకం, అదే కోడు, పది రోజులకు తగ్గొద్దంటుంది, పద్నాలుగు చేస్తే మేలంటుంది. పద్నాలుగే చెయ్యండి. పొద్దునోసారి సాయంత్రమోసారి బకెట్‌తో కొట్టి వెళ్లిపోవడం తడపడం కాదు. మధ్యాహ్నం ఎండకు అది ఆరిపోతుంది. ఆరి తడిసి ఆరి తడిసి పైన సన్నటి బీటలొస్తాయి. గోనె సంచులు కప్పి ఆ సంచులు ఆరకుండా చూసుకోవాలి. కొబ్బరి పీచు మన దగ్గర కుప్పలుగా ఉంది, అది ఇంకా బాగా నీళ్లు పట్టి ఉంచుతుంది, కానీ ఉప్పునీటిలో నానబెట్టిన పీచు వద్దు.

అందుకే ఈ పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. వాన లేదు, రోహిణి ఎండ లేదు, కోతలు అయిపోయి మనుషులు దొరుకుతారు. ఎండాకాలం ముదిరే లోపు పాతేసుకోవచ్చు. తుపాన్ల నెలకు కాంక్రీటు పూర్తి బలంతో ఉంటుంది.

కొలతలు చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. స్తంభం ఏడడుగులు, ఆరంగుళాలు బై ఆరంగుళాలు. రెండడుగులు భూమిలో, ఐదు పైన. పైన ఉన్న ఐదడుగుల మేర అటూ ఇటూ రెండున్నర అంగుళాల వెడల్పు, అంగుళం లోతు గాడి. నాలుగు 8 ఎంఎం చువ్వలు, ఎనిమిది అంగుళాలకో రింగు. పలక ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం. అందులో పొడుగునా మూడు 6 ఎంఎం చువ్వలు, అడుగుకో అడ్డ చువ్వ. సిమెంటు ఒక వంతుకు ఒకటిన్నర వంతుల ఇసుక, మూడు వంతుల పిక్క. పలకలకు 20 ఎంఎం పిక్క వద్దు, రెండంగుళాల మందంలో ఇనుము పక్కనుంచి దూరదు. 10, 12 ఎంఎం చిప్స్ వెయ్యండి.

ఇనుము చుట్టూ ఎంత కాంక్రీటు ఉండాలన్నది ఇక్కడ ప్రాణంలాంటి సంగతి. సముద్ర తీరానికి కోడు 45 ఎంఎం అడుగుతుంది. మన స్తంభంలో బయటి ముఖాల వైపు ఒకటిన్నర అంగుళం, అంటే 38 దాకా ఇవ్వగలం. గాడి వైపు అంత చోటు లేదు. ఉన్న చోటంతా వాడండి. చువ్వ కింద రాయి ముక్కలు, చెక్క ముక్కలు పెట్టకుండా సిమెంటు బిళ్లలు పోసుకుని పెట్టండి. బైండింగ్ వైరు కొసలు బయటికి రాకుండా లోపలికి వంచండి, తుప్పు చాలాసార్లు ఆ కొస పట్టుకునే లోపలికి వెళ్తుంది. పలక రెండంగుళాలే కాబట్టి ఇనుము సరిగ్గా మధ్యలో ఉండాలి. సముద్రం కనపడేంత దగ్గరలో తోట ఉన్నవాళ్లు పలక రెండున్నర అంగుళాలు పోసుకోండి, గాడి కూడా ఆ మేరకు పెంచండి, బరువు పెరిగినా సరే. ఇనుము బదులు వెదురు పెట్టొచ్చని కొందరంటారు. వెదురు తడి మాలులో ఉబ్బి, తర్వాత ఆరి ముడుచుకుంటుంది, కాంక్రీటును పట్టుకోదు. వద్దు.

అచ్చులకు మామిడి బల్లలు చాలు. కింద నేల మట్టం చేసి ప్లాస్టిక్ పట్టా పరవండి. గాడి కోసం లోపల బిగించే బద్ద ఉంటుంది చూశారా, అది నలుచదరంగా ఉంటే ఊడి రాదు, లాగితే గాడి అంచులు పగులుతాయి. మొదలు రెండున్నర అంగుళాలు, లోపలికి వెళ్లే కొస రెండుంపావు, అలా ఏటవాలుగా చిత్రిక పట్టించండి. వడ్రంగికి చెప్పాల్సింది ఇదొక్కటే. నూనె పల్చగా గుడ్డతో రాయండి, ఇనుముకు అంటకూడదు. మాలు పొరలు పొరలుగా వేసి చువ్వతో కూరుతూ అచ్చు పక్కల్ని సుత్తితో తడుతూ ఉంటే గాలి బుడగలు పైకొస్తాయి. బుడగలు ఆగాక ఆపండి. పక్క బల్లలు మర్నాడు తీయొచ్చు. పలకల్ని చోటు లేనివాళ్లు ఒకదాని మీద ఒకటి, మధ్యలో పట్టా వేసి పోసుకోవచ్చు. కదపడం మాత్రం వారం దాటాక, పాతడం నాలుగు వారాల తర్వాత. పచ్చి పలకను మధ్యలో పట్టుకుని లేపితే అక్కడే విరుగుతుంది.

పలక యాభై ఆరు కిలోలుంటుంది, ఇద్దరు మనుషులు. స్తంభం నూట పది, నలుగురు ఉండాలి. పట్టుదలకు పోయి ఇద్దరు ఎత్తొద్దు.

లెక్క కావాలా? వంద అడుగులకు ఇరవై స్తంభాలు, మధ్యలో పందొమ్మిది గదులు, గదికి నాలుగు చొప్పున డెబ్భై ఆరు పలకలు. గుంతల్లో పోసే కాంక్రీటుతో కలిపి పాతిక బస్తాల సిమెంటు దాకా పడుతుంది. ధరలు నేను చెప్పను, రేపటికి మారిపోతాయి.

పాతే ముందు సర్వే రాళ్లు చూసుకోండి. పక్క తోట ఆయన్ని పిలిచి, ఆయన ఎదురుగానే తాడు లాగండి. కాంక్రీటు పోశాక జరిపేది కాదు.

మన ఉద్దానం ప్రాంతం నేల ఇసక నేల. గుంత తవ్వుతుంటే అంచులు కూలుతుంటాయి. ముందు రోజు సాయంత్రం నీళ్లు కట్టి మర్నాడు తవ్వండి. చదరపు అడుగు గుంత, రెండడుగుల మీద నాలుగంగుళాల లోతు. అడుగున పిక్క పరిచి, స్తంభం నిలిపి, తాడుకు కట్టిన తూకం గుండుతో రెండు వైపులా నిలువు చూసి, ఒకటికి మూడు, ఆరు పాళ్ల కాంక్రీటుతో నింపండి. రెండో స్తంభం పెట్టేటప్పుడు మధ్యలో పలక దించి దూరం చూసుకోండి, టేపు కన్నా అదే నమ్మకం. పలక కొసలో పావంగుళం ఆట ఉండాలి, బిగుతుగా కొట్టి దించొద్దు. మూలల్లో, గేటు దగ్గర స్తంభం మందం పెంచి మూడడుగులు పాతాలి. గేటు ఊగే ప్రతిసారీ దాన్నే లాగుతుంది.

అట్టడుగు పలక నేలకు ఆనించి, ఆపైన పలకకీ పలకకీ మధ్య మూడంగుళాల సందు. గాడిలో మూడంగుళాల కాంక్రీటు ముక్కలు వేస్తే సందు అదే నిలుస్తుంది. అడుగు పలకలో పోసేటప్పుడే రెండు పైపు ముక్కలు పెట్టి చిల్లులు వదలండి. వాన నీరు తోటలో నిలిచి పలకను తోసే పరిస్థితి రాకూడదు. పైన సీసా పెంకులు గుచ్చడం నాకు నచ్చదు. దొంగ వచ్చినా రాకపోయినా, పడిన కొబ్బరికాయ కోసం ఎక్కే మన పిల్లల చేతులే కోసుకుంటాయి.

(వెనకనుంచి ఒక మహిళ: "అన్నీ బాగున్నాయి గానీ మాస్టారూ, ఎలుగొస్తే ఆగుతాదేటి?")

ఎలుగుబంటి ఆగదమ్మా. నిజం చెప్పాలి కదా. పనస చెట్టు ఎక్కేదానికి ఐదడుగుల కంచె ఒక లెక్కా? పైగా మనం వదిలిన సందులు దానికి మెట్లు. పశువులు ఆగుతాయి, పంది ఆగుతుంది, అది తవ్వేచోట అడుగు పలకను అర అడుగు లోతు దించుకుంటే. ఎలుగు వచ్చేది పనసకీ జీడిపండుకీ. రాలిన పండు సాయంత్రానికి ఏరేయడం, చీకట్లో ఒంటరిగా తోటకు వెళ్లకపోవడం, ఆ జాగ్రత్తలు కంచె కట్టినా మానకూడదు.

(మరొకరు: "పాత దడి తీసేయాలా?")

తీయొద్దు బాబూ. మొగలి పొద ఉంటే ఉండనివ్వండి, దానికి లోపలి వైపు రెండు మూడడుగులు వదిలి కంచె వేసుకోండి. సముద్రం నుంచి వచ్చే ఉప్పు తుంపరను ముందు ఆ పొదే పట్టుకుంటుంది.

ఇంకేమైనా ఉంటే పని చేస్తూ మాట్లాడుకుందాం. బయట ఒక స్తంభం అచ్చూ, రెండు పలకల అచ్చులూ నూనె రాసి ఉంచాం. టీ తాగేసి రండి. ముందు ఆ ఇసుకలో తడి ఎంతుందో చూడాలి, ఎవరైనా ఒక బకెట్టూ ఒక గాజు సీసా పట్టుకురండి.